సాక్ష్యం వేరు, కథ వేరు: పిల్లల కోసం క్రైస్తవ కథలు రాయడం గురించి

మీరు గాజువాక దగ్గర ఒక సంఘంలో ఆరేళ్ళుగా సండే స్కూలు పిల్లలకు చెబుతున్నారనీ, ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ వయసు వారి కోసం పది కథలు రాశారనీ, ఇంటర్ చదివే పిల్లల కోసం ఒక నవల మొదలుపెట్టారనీ తెలిపారు. సగం వరకు కళ్ళప్పగించి వింటున్న పిల్లలు ప్రార్థన ఘట్టం రాగానే చూపు తిప్పేసుకుంటున్నారనీ, పదవ తరగతి అమ్మాయి ఒకతి "అక్కా, చివర ఏమవుతుందో నాకు తెలుసు" అనేసిందనీ బాధపడ్డారు. బోధలా వినిపించకుండా, అలాగని విశ్వాసాన్ని దాచిపెట్టకుండా ఎలా రాయాలి, ఏ భాషలో రాయాలి, అచ్చు వేయించాలంటే ఏం చేయాలి అని అడిగారు. నేను విశాఖపట్నంలోనే ముప్ఫయి ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి, ఆ కాలమంతా సంఘ పత్రికలకూ వేసవి వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్) తరగతులకూ పిల్లల కథలు రాస్తూ వచ్చినదాన్ని. నాకు తెలిసినంతవరకు వివరంగానే చెబుతాను.

ముందు ఆ అమ్మాయి అన్న మాటను పట్టించుకోవాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. చివర ఏమవుతుందో ఆమెకు ఎలా తెలిసింది? బుద్ధి తెలిసినప్పటి నుంచి ప్రతి ఆదివారమూ మందిరంలో వింటున్న సాక్ష్యాల వల్ల తెలిసింది. ఫలానా కష్టం వచ్చింది, మనుషుల వల్ల కాలేదు, మోకాళ్ళూని ప్రార్థించాను, ప్రభువు కార్యం చేశాడు, ఆయనకే మహిమ కలుగును గాక: మన సంఘాల్లో చదువుకున్నవారికీ చదువు రానివారికీ సమానంగా వచ్చిన కథన రూపం ఇదే. దానిని నేను తక్కువ చేయడం లేదు. మాట్లాడే అవకాశమే దొరకని ఎందరో తల్లులు మొదటిసారి నలుగురి ముందు నిలబడి నోరు విప్పింది సాక్ష్యం చెప్పడానికే. అయితే సాక్ష్యం చెప్పే మనిషి ఏరు దాటి గట్టెక్కిన తరువాత వెనక్కి తిరిగి ఏటిని చూపిస్తాడు. అతడు మునిగిపోలేదన్న సంగతి అతడు మన ఎదుట నిలబడి ఉండటంలోనే తెలిసిపోతుంది. కథలోని పిల్లవాడు ఇంకా ఏటి మధ్యలో ఉంటాడు. గట్టు ఎంత దూరమో వాడికి తెలియదు, చదివే బిడ్డకూ తెలియకూడదు. మనం పిల్లల కథలనుకొని రాసేవాటిలో చాలా భాగం, ఉత్తమ పురుషను ప్రథమ పురుషగా మార్చి చెప్పిన సాక్ష్యాలు. పిల్లలు దానిని రెండో పేజీలోనే పసిగడతారు.

నేనూ చాలాకాలం అలాగే రాశాను. తొలిరోజుల్లో రాసిన ఒక కథలో ఒక బాబు కానుకల సంచిలోంచి పది రూపాయలు తీస్తాడు, ఆ రాత్రికే వాడికి జ్వరం వస్తుంది, మందులకు తగ్గదు, తప్పు ఒప్పుకొని ప్రార్థన చేయగానే తగ్గిపోతుంది. దానిని ఒక వేసవి తరగతిలో చదివి వినిపించాను. తరగతి అయిన తరువాత ఎనిమిదేళ్ళ పాప ఒకతి నా దగ్గరకు వచ్చి, "టీచర్ గారూ, మా తమ్ముడు ఏమీ తియ్యలేదు కదా, మరి వాడికెందుకు తగ్గలేదు?" అని అడిగింది. ఆ తమ్ముడు అంతకు మూడు నెలల ముందు జ్వరంతోనే చనిపోయాడు. ఆ సంగతి నాకు తెలుసు, ఆ ఇంటికి ఆదరణ కూడికకు వెళ్ళినవారిలో నేనూ ఉన్నాను. అయినా కథ రాసేటప్పుడు ఆ పాప నా మనసులోకి రాలేదు. ఆ రోజు ఆమెను దగ్గరకు తీసుకోగలిగానే తప్ప ఒక్క మాట చెప్పలేకపోయాను. ఆ కథను మళ్ళీ ఎక్కడా చదవలేదు, అచ్చుకు ఇవ్వలేదు.

ఇంటికి వచ్చి యోహాను సువార్త 9వ అధ్యాయం తెరిచాను. పుట్టు గ్రుడ్డివాడిని చూసి, వీడు పాపం చేశాడా, వీని కన్నవారు చేశారా అని శిష్యులు అడిగిన ప్రశ్నా, నా కథ ఆ పాప చేత అడిగించిన ప్రశ్నా ఒక్కటే. ప్రభువు వీడూ కాదు, వీని కన్నవారూ కాదు అన్నాడు. లూకా 13వ అధ్యాయంలో సిలోయములో గోపురం పడి చనిపోయిన 18 మంది గురించి చెబుతూ, వారు యెరూషలేములో ఉన్న తక్కినవారి కంటే అపరాధులని తలంచుతున్నారా అని అడిగి, కాదని తానే చెప్పాడు. అంటే ప్రభువు కాదన్న మాటను ప్రభువు పేరు మీద నేను పిల్లలకు నేర్పుతూ వచ్చాను. అందువల్ల మీకు గట్టిగా చెప్పదలచిన మొదటి మాట ఇది: రోగాన్నీ ప్రమాదాన్నీ మరణాన్నీ కథలో శిక్షగా వాడకండి, స్వస్థతను మంచి పిల్లలకు ఇచ్చే బహుమతిగా వాడకండి. మీ ఎదుట కూర్చున్న ఇరవై మందిలో ఎవరో ఒక బిడ్డ ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉంటారు.

మన ఊరి ఉదాహరణే తీసుకుందాం. హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది 2014 అక్టోబరు 12న, అది ఆదివారం. ఆ తరువాత కొన్ని నెలల పాటు మందిరాల్లో ఎన్నో సాక్ష్యాలు విన్నాను. మేము ప్రార్థించాము, మా ఇంటి రేకు ఒక్కటి కూడా కదలలేదు అని చెప్పినవారి కృతజ్ఞత నిజమైనదే. కానీ ఆ మాట వింటున్న బల్లల మీదే రేకులన్నీ ఎగిరిపోయిన ఇళ్ళవాళ్ళు కూడా కూర్చొని ఉన్నారు, వాళ్ళూ ప్రార్థించినవాళ్ళే. పిల్లల కథ రాసేవారు ఏ ఇంట్లోకి వెళ్ళి కూర్చోవాలో ఆలోచించండి. నేనైతే రేకులు పోయిన ఇంట్లోకే వెళతాను. దీవెన అనే పాప గురించిన ఆ కథలో ఒక ఘట్టం ఇలా రాసుకున్నాను:

రేకు లేచిపోగానే ఇంట్లోకి ఆకాశం కనబడింది. నానమ్మ బియ్యం డబ్బా మీద బోర్లా పడుకొని, దానిని రెండు చేతులతో పట్టుకుంది. "పార్దన సెయ్యే గుంటా" అని అరిచింది. దీవెనకు ఒక్క వాక్యమూ గుర్తు రాలేదు. పోటీలో బహుమతి తెచ్చిపెట్టిన పన్నెండు కంఠత వాక్యాలూ ఎటు పోయాయో పోయాయి. "దేవా, నానమ్మ తడిసిపోతంది" అంది, అంతే. సాయంత్రానికి గాలి తగ్గింది. రేకులు పోని పక్కింటి నుంచి అప్పలకొండమ్మ మోకాలి లోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి, "ఏటలా సూత్తన్నావు, ముసిల్దాన్ని లేవదియ్యి" అని నానమ్మను ఒక పక్క పట్టుకుంది. వాళ్ళింట్లో సింహాద్రి అప్పన్న పటం కింద నానమ్మకు పొడి చీర కట్టి, వేడి గంజి ఇచ్చారు. దీవెన ఆ పటం కేసీ, గంజి తాగుతున్న నానమ్మ కేసీ చూస్తూ చాలాసేపు మేలుకొనే ఉంది.

ఇక్కడ ప్రార్థన ఉంది, ఆ ప్రార్థన తరువాత ఒక మనిషి రావడం ఉంది. దేవుడు జవాబిచ్చాడని నేను రాయలేదు, ఇవ్వలేదనీ రాయలేదు. ఆ రెంటినీ జత చేయవలసినది చదివే బిడ్డ. జత చేసిన రోజున అది ఆ బిడ్డ కనుగొన్న సంగతి అవుతుంది. నేను ముందే జత చేసి చేతిలో పెడితే, అది పరీక్షలో తిరిగి అప్పజెప్పే జవాబుగా మిగులుతుంది. పక్కింటివారి దేవుడు వేరు కదా అన్న సందేహం కూడా దీవెనకు రావాలి, రాత్రి మేలుకొని ఉండటానికి కారణం అదే. ఆ సందేహానికి కంగారుపడి వెంటనే ఒక పాస్టరు గారిని ప్రవేశపెట్టి సమాధానం చెప్పించడం నా పాత అలవాటు. దానిని మానుకోవడానికి చాలా కాలం పట్టింది.

ఇలా ముగింపును వదిలేస్తే విశ్వాసాన్ని దాచినట్టు కాదా అని మీకు అనిపించవచ్చు. ప్రభువు చెప్పిన ఉపమానాల చివరి వాక్యాలను వరుసగా చదవండి. లూకా 15లో తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చాడు, విందు జరుగుతోంది, పెద్ద కుమారుడు కోపంతో బయటే ఉండిపోయాడు. తండ్రి బయటికి వచ్చి బతిమాలాడు. పెద్దవాడు లోపలికి వెళ్ళాడా? లూకా మనకు చెప్పలేదు. విన్న పరిసయ్యులు తాము వెళ్ళాలో వద్దో తేల్చుకోవడానికి ఆ తలుపు అలా తెరిచే ఉంచాడని నేను నమ్ముతాను. మంచి సమరయుని కథ చివర ప్రభువే ధర్మశాస్త్రోపదేశకుణ్ణి ప్రశ్న అడుగుతాడు. రెండవ సమూయేలు 12లో నాతాను ప్రవక్త దావీదు దగ్గరకు వెళ్ళి బీదవాడి గొఱ్ఱెపిల్ల కథ చెప్పినప్పుడు, అది తన కథేనని తెలియకముందే రాజుకు ఆ ధనవంతుడి మీద ఒళ్ళు మండిపోయింది. తీర్పు రాజు నోటి నుంచే వచ్చిన తరువాత నాతాను "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. మనం సాధారణంగా ఆ వాక్యాన్ని కథకు ముందే చెప్పేసి, కథ తరువాత అర పేజీ వివరణ కూడా రాస్తాము. ఇంకొక సంగతి, మన హెబ్రీ మూలంలోని ఎస్తేరు గ్రంథంలో దేవుని పేరు ఎక్కడా రాదు. అయినా అది పరిశుద్ధ గ్రంథంలో ఉండనే ఉంది. మీ కథలో ప్రభువు పేరు ఎన్నిసార్లు వచ్చిందని లెక్కపెట్టుకోవలసిన అవసరం లేదు.

బైబిలు కథలనే తిరిగి చెప్పాలనుకుంటే, మూలంలోనే పిల్లలకు దగ్గరైన చిన్న మనుషులు ఎందరో ఉన్నారు. అపొస్తలుల కార్యములు 12లో పేతురు చెరసాల నుంచి విడుదలై వచ్చి తలుపు తడితే, సంతోషంతో తలుపు తీయడమే మరచి లోపలికి పరుగెత్తిన రొదే అనే చిన్నది ఉంది. 20వ అధ్యాయంలో పౌలు ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగితే కిటికీలో కూర్చొని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడిన ఐతుకు ఉన్నాడు. సిరియా సేనాధిపతి నయమాను ఇంట్లో చెరపట్టబడిన ఇశ్రాయేలు చిన్నది ఉంది, ఆమె పేరు కూడా మనకు తెలియదు. వీరి ఇల్లు, వాకిలి, భయం, ఆకలి మీరు ఊహించి రాయవచ్చు. ప్రభువు నోట మాత్రం సువార్తల్లో లేని కొత్త మాటలు పెట్టకండి. ఏది గ్రంథంలోనిదో, ఏది రచయిత ఊహో విడదీసుకొనే వయసు పిల్లలకు ఇంకా రాలేదు.

ఇప్పుడు భాష విషయం. ప్రార్థన ఘట్టం రాగానే పిల్లలు చూపు తిప్పుకోవడానికి కారణం ప్రార్థన కాదని నా అనుమానం. అంతవరకు "ఏటిరా, బంతి ఇటిచ్చెయ్" అన్న పిల్లవాడు ఒక్కసారిగా "మహోన్నతుడవైన మా పరలోకపు తండ్రీ, నీ పరిశుద్ధ నామమునకు స్తోత్రములు చెల్లించుకొనుచున్నాము" అంటాడు. ఆ క్షణంలో పిల్లవాడు కథలోంచి వెళ్ళిపోయి, సంఘ పెద్ద ఒకాయన వచ్చి ఆ చోట నిలబడతాడు. మందిరంలో పెద్దలు చేసే ప్రార్థనను ఆ భాషలోనే రాయండి, అది నిజం, దానికి దాని గంభీరత ఉంది. పిల్లవాడు ఒంటరిగా చేసే ప్రార్థన వాడి మాటల్లోనే, సగంలో ఆగిపోయినా సరే, అలాగే ఉండాలి.

మన పరిశుద్ధ గ్రంథపు భాష మీద నాకు ఎంతో ప్రేమ ఉంది. లూకా 15లో తండ్రి "పరుగెత్తి వాని మెడమీదపడి ముద్దుపెట్టుకొనెను" అన్న వాక్యాన్ని వాడుక భాషలోకి మార్చమంటే నేను మార్చలేను. అయితే ఆ భాష కూడా ఒకనాడు జనానికి అందించాలన్న తపనతో పుట్టినదే. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ 1805లో విశాఖపట్నానికే వచ్చి, ఇక్కడే తెలుగు నేర్చుకొని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. ఆ పనిలో వారికి తోడు నిలిచినవాడు ఆనందరాయరు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారిదీ మన ఉత్తరాంధ్రే. ఈ రెండు వారసత్వాలూ మీవే కాబట్టి కథనాన్ని సులభమైన శిష్ట వ్యావహారికంలో నడిపి, సంభాషణలను ఆ వీధి మాటలో రాసి, వాక్యం ఉదహరించవలసిన చోట గ్రంథపు భాషను అక్షరం మార్చకుండా ఉంచండి. యాసను పనిమనిషికో తాగుబోతుకో మాత్రమే ఇచ్చి, భక్తిపరుల చేత పుస్తకాల భాష మాట్లాడించే తప్పు మాత్రం చేయకండి. అలా చేస్తే, తమ ఇంటి మాట దేవుని దగ్గర చెల్లదని పిల్లలు అనుకుంటారు.

మాటల విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. కతోలికులు ఎక్కువగా ఉండే జ్ఞానాపురంలో కథ జరిగితే ఆ పాప జ్ఞానస్నానం, దివ్యపూజ, ఫాదర్ గారు, జపమాల అంటుంది. బాప్టిస్టు సంఘంలోని పాప బాప్తిస్మం, ఆరాధన, పాస్టరు గారు అంటుంది. ఈ రెంటినీ కలిపి రాస్తే రెండు వీధుల పిల్లలూ కథను నమ్మరు. పేర్లు కూడా అంతే. ప్రతి కథలోనూ దావీదూ మేరీ అక్కర్లేదు. మన ఇళ్ళలో తాతయ్య ఆశీర్వాదం, అమ్మమ్మ సువార్తమ్మ, నాన్న ప్రసాదరావు, పాప దీవెన ఒకే కప్పు కింద ఉంటారు. అలాగే ఊరి పంచాంగం తెలిసి ఉండాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం ఉంటుంది, మన వి.బి.ఎస్. తరగతులు జరిగేది సరిగ్గా ఆ మే నెలలోనే. బోట్లు ఫిషింగ్ హార్బరులో కట్టేసి ఉన్న ఆ రోజుల్లో "రేపు అందరూ కానుక తీసుకురండి" అని టీచరు చెప్పిన మాట జాలారి ఇంటి పిల్లవాడికి ఎలా వినబడుతుందో రాయండి. దానిలో ఒక కథ మొత్తం ఉంది, దొంగతనమూ జ్వరమూ అక్కర్లేదు.

ఇంటర్ పిల్లల నవల దగ్గరకు వస్తే, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే భాగం. ఇంటర్ ఫలితాలు వచ్చిన తరువాతి ఆదివారాన్ని గుర్తు చేసుకోండి. మంచి మార్కులు వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేచి ప్రభువు కృప వల్ల అని చెబుతారు, సంఘమంతా చప్పట్లు కొడుతుంది. అంతే ప్రార్థించి, అంతే ఉపవాసం ఉండి, రెండు సబ్జెక్టులు తప్పిన కుర్రవాడు ఆఖరి బల్ల మీద తల దించుకొని కూర్చొని ఉంటాడు. ఒక్కోసారి వాడు ఆ రోజు రానే రాడు. మీ నవల వాడి గురించి అయితే బాగుంటుంది. వాడు సప్లిమెంటరీలో జిల్లా మొదటివాడిగా వచ్చాడని ముగించకండి. అది మళ్ళీ సాక్ష్యమే అవుతుంది, ఆఖరి బల్ల మీద ఇంకో పిల్లవాడు మిగిలే ఉంటాడు. ఆ ఆదివారం తరువాత వాడి పక్కన ఎవరు వచ్చి కూర్చున్నారు, ఏం మాట్లాడారు, ఏం మాట్లాడకుండా ఊరుకున్నారు అన్నది రాయండి. యోబు స్నేహితులు ఏడు పగళ్ళు ఏడు రాత్రులు ఒక్క మాటైనా పలకకుండా అతనితో నేల మీద కూర్చున్నారు, వారు చేసిన మంచి పని అదే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టిన తరువాత వారి మీద దేవునికి కోపం వచ్చింది. ఈ వయసు పిల్లలకు సందేహం వస్తుంది, దేవుని మీద కోపం కూడా వస్తుంది. దానిని రాయడానికి భయపడవద్దు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, దానికి ఎవరూ ఆశ నింపిన చివరి చరణం అతికించలేదు. నిరాశలో ఉన్న పాత్రను రాసేటప్పుడు మాత్రం, ప్రాణం తీసుకోవడాన్ని ఒక దారిలా కనిపించనివ్వకండి, దాని విధానం ఏదీ రాయకండి, ఆ పాత్ర ఎవరో ఒక మనిషితో నోరు విప్పే ఘట్టం తప్పకుండా ఉండనివ్వండి.

మన పిల్లలకు మాత్రమే ప్రత్యేకమైన బాధ ఇంకొకటి ఉంది, నేను చదివిన పిల్లల పుస్తకాల్లో అది కనబడలేదు. మందిరంలో ఒక పేరు, బడి రికార్డులో ఇంకొక పేరు ఉన్న పిల్లలు ఎందరో మన సండే స్కూళ్ళలో ఉన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతంలో ఉన్న దళితులకు ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో వారిని బి.సి.-సిగా లెక్కిస్తారు. దరఖాస్తు నింపేటప్పుడు తండ్రి ఎందుకు గొంతు తగ్గించాడో పదహారేళ్ళ బిడ్డకు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. అబద్ధమాడకూడదని అదే బిడ్డ ఆదివారం కంఠత వాక్యం చెబుతుంది. ఈ విషయంలో తండ్రిని దోషిగా నిలబెట్టే కథా వద్దు, ఏమీ లేదన్నట్టు దాటవేసే కథా వద్దు. ఆ ఇంటి బరువు తెలిసిన మనిషి రాయాలి. మీకు తెలిసి ఉంటే రాయండి, తెలియకపోతే తెలిసిన పిల్లల చేత రాయించండి.

ఇంకొక సంగతి నిర్మొహమాటంగా చెప్పాలి. మన కథల్లో పెద్దల మాట వినడమే ఎప్పుడూ మంచిదిగా ఉంటుంది, మందిరంలోని పెద్దలైతే మరీను. ఆ నమ్మకాన్ని ఆసరా చేసుకొని పిల్లలకు హాని చేసేవారు ఏ సమాజంలోనైనా ఉంటారు. "ఈ సంగతి ఎవరికీ చెప్పకు" అని పెద్దవాళ్ళు ఎవరైనా అంటే, వెళ్ళి అమ్మకో టీచరుకో చెప్పిన పాప మీ కథల్లో కనీసం ఒక్కసారైనా ఉండాలి, ఆమె చెప్పినది నమ్మిన పెద్దమనిషీ ఉండాలి. పిల్లల సహాయం కోసం 1098 నంబరు ఉందని కథలోనే ఒక గోడ మీద కనబడేలా రాయవచ్చు.

క్రైస్తవులు కాని స్నేహితుల గురించి అడగలేదు కానీ చెబుతాను. మన హార్బరు ముఖద్వారం దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, రాస్ హిల్ మీద మరియమాత చర్చి. ఈ ఊరి పిల్లలు ఆ మూడింటినీ ఒకే చూపులో చూస్తూ పెరుగుతారు. మీ కథలోని హిందూ స్నేహితురాలు చివరి పేజీలో మారుమనస్సు పొందడం కోసమే పుట్టిన పాత్ర అయితే, ఆమెకు స్నేహితురాలి విలువ ఇవ్వనట్టే. ఆమెకు తన సొంత భక్తి, సొంత ఇల్లు, సొంత కష్టం ఉండనివ్వండి. పొరుగువాడు ఎవరని అడిగినవాడికి ప్రభువు చూపించినది తన జాతివాడు కాని సమరయుణ్ణి.

అచ్చు సంగతులు త్వరగా చెబుతాను. ఎనిమిదేళ్ళ లోపు వారికి బొమ్మలతో 500 మాటలు, పన్నెండేళ్ళ లోపు వారికి 1500 మాటలు దాటనివ్వకండి. ఇంటర్ పిల్లల నవలకు 30,000 మాటలు సరిపోతాయి. బొమ్మలు వేసేవారికి ప్రభువును తెల్లజాతి మనిషిగా వేయవద్దని ముందే చెప్పండి. ప్రెస్సులో ఒక ఫారం అంటే 16 పేజీలు కాబట్టి పుస్తకాన్ని 32కో 48కో సరిపెట్టుకుంటే కాగితం వృథా కాదు. మీరు యూనికోడ్‌లో టైపు చేసినదాన్ని వారు అనూ ఫాంట్లలోకి మార్చితే కొన్ని ఒత్తులు చెదిరిపోతాయి, మార్చిన తరువాతే ప్రూఫు చదవండి. పుస్తకాన్ని గుర్తుపట్టడానికి వేసే ఐ.ఎస్.బి.ఎన్. నంబరును రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ వారు ఉచితంగానే ఇస్తారు. కథలో పాట వాడదలిస్తే, మన దేశపు కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ళ వరకు హక్కులు ఉంటాయి. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1890లోనే కన్నుమూశారు కాబట్టి ఆయన కీర్తనలు నిస్సంకోచంగా వాడుకోవచ్చు. ఈ మధ్య వచ్చిన పాటలకూ, కొత్త బైబిలు అనువాదాల్లోని పెద్ద భాగాలకూ అనుమతి తీసుకోవాలి.

అచ్చుకు ఇచ్చే ముందు ప్రతి కథనూ పిల్లల ఎదుట బిగ్గరగా చదవండి, మీ సంఘం పిల్లల దగ్గరే కాకుండా మిమ్మల్ని ఎరగని ఇంకొక సంఘం పిల్లల దగ్గర కూడా చదవండి. పక్కన ఒకరిని కూర్చోబెట్టి, పిల్లలు కదిలిన చోటల్లా కాగితం మీద గుర్తు పెట్టించండి. బాగుందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు, కాబట్టి ఆ మాట అడగవద్దు. ఇక నవల విషయంలో మీకు అందరికంటే మంచి పరీక్షకురాలు ఆ పదవ తరగతి అమ్మాయే. మొదటి మూడు అధ్యాయాలూ ఆమెకు ఇచ్చి, చివర ఏమవుతుందో రెండు వాక్యాల్లో రాసిమ్మనండి. ఆమె రాసినది మీ చివరి అధ్యాయంతో సరిపోతే, ఆ అధ్యాయాన్ని పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టండి.